మూగజీవుల మధ్య రెండవ శనివారము



"అయ్యగారూ, మనుషులకే దిక్కులేని రోజుల్లో కుక్కలకూ గొడ్లకూ పరిచర్య ఏందండీ?" అని మమ్మును అడిగేవారున్నారు. సంఘములో అడిగారు, బస్సులో అడిగారు, తోటి కాపరులు కూడ నవ్వుతూ అడిగారు. ప్రశ్న మంచిదే. ప్రత్తికి ధర రాక, మిరపకు నల్ల తామరపురుగు పట్టి, కౌలు కట్టలేక అల్లాడే కుటుంబముల మధ్యనే మేము బ్రతుకుతున్నాము. ఒక్క మాటలో జవాబు చెప్పలేము గనుక మేము చూచినదీ, చేసినదీ ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాము. చదివి మీరే ఆలోచించండి.

మేము నలభయ్యో పడిలో ఉన్న పల్లెటూరి కాపరులము. చదివినది వేదాంతములో డిప్లొమా, పశువైద్యము కాదు. చిలకలూరిపేటకు, పర్చూరుకు నడుమ ఉండే నల్లరేగడి పల్లెలలో మా పరిచర్య. ఇక్కడ "మేము" అన్నప్పుడెల్లా మాతో వచ్చే ఏడెనిమిది మంది యవనస్థులనూ, స్త్రీల సమాజములోని ఇద్దరు అక్కలనూ కలుపుకొనే అంటున్నాము. వారు లేనిదే ఈ పని లేదు.

గుంటూరు పట్టణానికి వెలుపల, పొలముల నడుమ, కొద్దిమంది కలిసి నడుపుకొనే చిన్న జంతు ఆశ్రయము ఒకటి ఉన్నది. రేకుల షెడ్లు నాలుగు, చుట్టూ ఇనుప జాలీ, ఒక చేతిపంపు, ఒక వేపచెట్టు. మొదటిసారి వెళ్ళినవారికి బోర్డుకన్నా ముందు మొరుగుడే దారి చెబుతుంది. ప్రతి నెల రెండవ శనివారము మేము అక్కడికి వెళ్ళి పనిచేసి వస్తాము.

ఈ పని మొదలైనది మిరప కళ్ళములో. ఏటా సంక్రాంతి దాటగానే ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుండి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు మన ప్రాంతమునకు వస్తాయి. పొలము గట్టున గుడిసెలు వేసుకొని మూడు నెలలు ఉంటాయి. ఆ గుడిసెల చుట్టూ కుక్కలు చేరతాయి. రాత్రి పూట ఎర్రగా పరచిన కళ్ళానికి అవే కావలి. కాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకో, కోల్డు స్టోరేజీకో వెళ్ళిపోయిన తరువాత గుడిసెలు పీకుతారు, మనుషులు వెళ్ళిపోతారు, కుక్కలు మిగిలిపోతాయి. అట్లా మిగిలిపోయిన ఒక పిల్లల తల్లి కాలు ట్రాక్టరు క్రింద నలిగింది. మా యవనస్థులిద్దరు దానిని గోనెసంచిలో చుట్టి, ఆటోలో ఆ ఆశ్రయమునకు చేర్చారు. అక్కడివారు డబ్బు అడుగలేదు. "కాలు మేము చూస్తాము. నెలకొక్క రోజు మీరు వచ్చి చేతిసాయము చేయండి" అన్నారు. ఆ మాట మాకు నచ్చింది. వెళ్ళడము మొదలుపెట్టాము.

అక్కడి పని పాటలలో పాడుకొనేటంత మధురమైనది కాదని ముందుగానే చెబుతున్నాము. ఉదయము మొదట ఊడ్వాలి, కడగాలి. ఏ షెడ్డు ముందు, ఏ షెడ్డు తరువాత అనేదానికి వరుస ఉన్నది. ఆరోగ్యముగా ఉన్న చిన్న పిల్లల దగ్గర మొదలుపెట్టి, పార్వో జబ్బు పట్టినవాటి దగ్గర ముగించాలి. వరుస తప్పితే చీపురుతోనే, చెప్పుతోనే జబ్బును మోసికొనిపోయినట్టే. పిల్లులున్న గదిలో ఫినాయిలు వాడకూడదు, అది వాటికి విషము. తరువాత డేగిసాలో అన్నము, కోడి మాంసపు వ్యర్థములు కలిపి ఉడికించాలి. ఉప్పు, కారము, ఉల్లిపాయ తగలకూడదు. తరువాత గాయములకు కట్లు. పురుగులు పడ్డ పుండును శుభ్రము చేయడము నేర్చుకొన్న రోజున మా అక్కలిద్దరు మధ్యాహ్నము అన్నము ముట్టలేదు. మరుసటి నెల వచ్చి మళ్ళీ ఆ పనికే కూర్చున్నారు. కొన్ని శనివారములు గొయ్యి త్రవ్వే పని కూడ ఉంటుంది. తెచ్చిన ప్రతి ప్రాణి బ్రతకదు.

కుక్కలే కాదు, ఎద్దులూ వస్తాయి. మన ఒంగోలు జాతి సముద్రము దాటి బ్రెజిలు దేశములో నెల్లూరు అనే పేరుతో కోట్లుగా వృద్ధి చెందింది. ఇక్కడ మాత్రము ట్రాక్టరు వచ్చిన తరువాత కాడెద్దు బరువైపోయింది. మెడ మీద పుండుతో, గిట్ట పగిలి రోడ్డున వదలబడిన గొడ్డును చూచినప్పుడు రైతును నిందించాలని మాకు తోచదు. జొన్న చొప్ప కొనలేనివాడు దానిని ఏమి పెట్టి పోషిస్తాడు? అయినా గొడ్డు నొప్పి గొడ్డుదే. దానికి మన లెక్కలు తెలియవు.

రోడ్డున వదలిన ఆవులకు ఇంకొక ఆపద మనము పారవేసే ప్లాస్టిక్ సంచి. కూరగాయల తొక్కులతోపాటు సంచినీ మ్రింగితే అది పెద్ద పొట్టలో పేరుకొంటుంది, అరుగదు, బయటకు పోదు. గొడ్డు కడుపు నిండినట్టే కనబడుతూ ఎండిపోతుంది. పుట్టపర్తిలో 2000 సంవత్సరములో ఏర్పడిన కరుణ సొసైటీ వారు ఇటువంటి ఆవులకు ఆపరేషనులు చేసి, ఈ సంగతిపై 2012లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళారు. అంతకు ముందే 1992లో అక్కినేని అమల గారు హైదరాబాదులో బ్లూక్రాసును, 1996లో విశాఖపట్నములో మరికొందరు విశాఖ సొసైటీని ప్రారంభించారు. వీటన్నిటి ముందు మేము వెళ్ళే చోటు చాల చిన్నది. అయితే పొలములో తెల్లవారుజామున గాయపడిన ప్రాణికి దగ్గరగా ఉన్నదే గొప్పది.

ఇది క్రైస్తవులకు తగిన పనేనా అని కొందరు పెద్దలు అడిగినప్పుడు మేము వాక్యము తెరచి కూర్చున్నాము. శత్రువు గాడిద బరువు క్రింద కూలబడితే దానిని దాటి పోరాదని నిర్గమకాండము 23వ అధ్యాయము నేర్పుతుంది. గాడిద ఎవరిదన్నది అక్కడ లెక్క కాదు. కళ్ళము తొక్కే ఎద్దుకు చిక్కము కట్టవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఉన్నది. చిక్కము అంటే ఏమిటో మన పల్లె విశ్వాసులకు ఎవరూ వివరించనక్కరలేదు. యోనా గ్రంథము చివర దేవుడు నీనెవె పట్టణమును గూర్చి జాలిపడినప్పుడు అక్కడి పశువులను కూడ లెక్కలో చేర్చుకొన్నాడు. కుక్క మాట వస్తే బైబిలులో దానికి పెద్ద గౌరవము లేదన్నది నిజమే. అయినా లూకా 16వ అధ్యాయములో ధనవంతుని వాకిట పడియున్న లాజరు దగ్గరకు వచ్చినవి కుక్కలే. లోపల విందు చేసుకొనే మనుషులలో ఒక్కరైన వచ్చినట్టు అక్కడ వ్రాయబడలేదు.

మన ప్రాంతపు సంఘ చరిత్రలో కూడ పశువుల అడుగుజాడలు ఉన్నాయి. 1866లో బాప్తిస్మము పొంది ఒంగోలు పరిచర్యకు తొలి ద్వారములలో ఒకటైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారము చేసినవాడు. 1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చారు. ఆ కరవు వెనుక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు చచ్చిన గొడ్డు తోలు తీసి, చెప్పులు, మోట తొండములు చేసి ఊరి సేద్యమును నిలబెట్టినవారు. చచ్చిన గొడ్డు మాంసము మానుకొమ్మని ఆనాటి సంఘము వారికి నేర్పింది. బ్రతికిన గొడ్డు మీద జాలి మానుకొమ్మని నేర్పలేదు. ఏ కాడి మెడను కోస్తుందో, ఏ గొడ్డు ఏ కాలు మీద బరువు వేయడము లేదో దూరమునుండే చెప్పగలిగిన ఆ తాతల మనుమలమే మనము.

ప్రపంచములో మొట్టమొదటి జంతు సంరక్షణ సంఘము లండను పట్టణములో 1824 జూన్ 16న ఏర్పడింది. దానికి పూనుకొన్నవాడు ఆర్థరు బ్రూమ్ అనే పాదిరి. బానిస వ్యాపారముపై పోరాడిన విల్బర్‌ఫోర్సు గారు కూడ ఆ కూటములో ఉన్నారు. సంఘము చేసిన అప్పుల నిమిత్తము బ్రూమ్ గారు చెరసాలకు కూడ వెళ్ళవలసి వచ్చింది. మన దేశములో రుక్మిణీదేవి అరండేలు గారి పట్టుదలతో 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చింది. ఆ చట్టములో మామూలు హింసకు మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయలు. ఇన్నేళ్ళయినా ఆ అంకె మారలేదు. చట్టము ఎంతవరకు కాపాడగలదో మీరే చూచుకొనండి. మిగిలినది మన చేతిలో ఉన్నది.

ఇక అసలు సంగతికి వస్తాము. మాతో వచ్చే యవనస్థులలో ఒకని గూర్చి అతని అనుమతితోనే వ్రాస్తున్నాము. పేరు వ్రాయము.

అతని తండ్రి కౌలు రైతు. వరుసగా రెండేళ్ళు ప్రత్తి దెబ్బతిన్నది. అప్పులవాళ్ళు వాకిట్లోకి వచ్చారు. ఒక రాత్రి ఆయన పొలానికి తెచ్చిన పురుగుమందుతోనే ప్రాణము తీసికొన్నాడు. మన పల్లెలలో ఈ మాట వ్రాయడానికి క్రొత్త సిరా అక్కరలేదు. 1997, 98 సంవత్సరములలో ప్రత్తి రైతుల మరణములు దేశమంతా విన్నది. ఆ తరువాత కూడ ఆగలేదు. అప్పటికి ఈ అబ్బాయి ఇంటర్మీడియేటు చదువుతున్నాడు. తండ్రిని ఆటోలో ఎక్కించినది, ఒళ్ళో పెట్టుకొని కూర్చొన్నది అతడే. ఆ తరువాత కాలేజీ మానాడు, గుడికి రావడము మానాడు, మందు కొట్టే రోజులలో పొలము గట్టు కూడ ఎక్కేవాడు కాడు. మేము వెళ్ళాము, ప్రార్థన చేశాము, పక్కన కూర్చొన్నాము. తలవంచుకొని వినేవాడు, పలికేవాడు కాడు. ఒకరోజు వాళ్ళమ్మ మా అమ్మగారి దగ్గరకు వచ్చి, "ఎక్కడికన్నా తీసకపొండమ్మా వాణ్ణి. పొద్దస్తమానం గోడ చూసుకుంటా కూసుంటన్నాడు" అన్నది. ఆ విధముగా అతడు శనివారపు బస్సు ఎక్కాడు.

రెండు శనివారములు ఊడ్చాడు, నీళ్ళు మోశాడు, ఎవరితోను మాటలాడలేదు. మూడవ శనివారము మధ్యాహ్నము ఎవరో ఒక కుక్కను ఆటోలో తెచ్చి గేటు దగ్గర దించారు. నోటినిండ నురగ, ఒళ్ళంతా వణుకు, కంటిపాప సూదిమొనంత అయిపోయింది. ఎక్కడో అన్నములో పురుగుమందు కలిపి పెట్టారు. ఆ వాసన గేటు దగ్గరకు చేరగానే ఈ అబ్బాయి చేతిలోని బక్కెట క్రింద పెట్టేశాడు. ముఖము తెల్లబోయింది. వెళ్ళిపోతాడేమో అనుకొన్నాము.

వెళ్ళలేదు. వచ్చి కుక్క ప్రక్కన మోకరించాడు.

ఆ రోజు అదృష్టవశాత్తు పశువైద్యుడు అక్కడే ఉన్నారు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరములకూ కండరములకూ నడుమ ఉండే ఒక పదార్థమును పనిచేయనియ్యవు. అందుచేత ఊపిరితిత్తులలో నీరు ఊరి ఊపిరి ఆడదు. దానికి అట్రోపిన్ సూదిమందు వేయాలి. ఒక్కసారి వేస్తే చాలదు, చూచి చూచి మళ్ళీ మళ్ళీ వేయాలి. ఒంటి మీద పడిన మందును సబ్బునీళ్ళతో కడగాలి. డాక్టరుగారు, "ఒకరు దీని దగ్గరే కూర్చోవాలి. ఊపిరి లెక్కపెట్టాలి, కన్ను చూడాలి, నురగ పెరిగితే కేక వేయాలి" అన్నారు. "నేను కూర్చుంటా సార్" అన్నాడు అతడు. రెండు నెలలలో మేము అతని నోట విన్న మొదటి మాట అదే.

సాయంత్రమైనది. చివరి బస్సు వెళ్ళిపోయింది. మిగిలినవారిని పంపించి మేము అతనితో ఉండిపోయాము. ఒక చిన్న కాగితము మీద గంటగంటకు ఊపిరి లెక్క వ్రాశాడు. తెల్లవారుజామున ఆ కుక్క తల ఎత్తి, మూకుడులో ఉన్న నీళ్ళు కొంచెము నాకింది. అప్పుడు అతడు చేతులలో ముఖము పెట్టుకొని ఏడ్చాడు. చాలసేపు ఏడ్చాడు. తరువాత ఇట్లా అన్నాడు: "ఆ రోజు నాన్న కాడ ఏం చెయ్యాల్నో నాకు తెలవలా అయ్యగారూ. ఇయ్యాళ ఎవరో చెప్పారు, చేశా."

కుక్క బ్రతికింది గనుక తండ్రి లోటు తీరిందని మేము అనము. అట్లా అనేవాడు దుఃఖము ఎరుగనివాడు. మాకు అర్థమైనది ఇంతే: ఏమీ చేయలేకపోయానన్న బాధకు ఓదార్పు మాటలు చాలవు, చేయడానికి ఒక పని కావాలి. అది ఆ రోజు ఒక వీధికుక్క రూపములో దొరికింది. దేవుడు ఎవరిని ఏ పాత్రతో దాహము తీరుస్తాడో మనము నిర్ణయించేది కాదు. ఆ తరువాతి నెలలో అతడు గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చొన్నాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

ఇది జరిగిన మరుసటి ఏడు మా ఊరిలో ఒక కష్టము వచ్చింది. రెండవ తరగతి చదివే పిల్లవాణ్ణి బడి దగ్గర కుక్క పిక్క మీద కరిచింది. మా సంఘపు కుటుంబమే. కంగారులో ఎవరో గాయము మీద కారము పూశారు. మన మిరప సీమలో ఇది పాత అలవాటు. మా అమ్మగారు పరుగెత్తి వెళ్ళి కుళాయి క్రింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషములు కడిగించారు. ఆసుపత్రిలో గాయము చుట్టూ వేసే మందు, టీకా మొదటి మోతాదు అదే రోజు వేయించాము.

సాయంత్రము రచ్చబండ దగ్గర ఊరంతా చేరింది. కుక్కలు ఎక్కువైనప్పుడల్లా అన్నములో మందు కలిపి పెట్టిన ఊరే మాది. "ఈ రాత్రికి పెట్టేద్దాం" అన్నారు కొందరు. పిల్లవాని తండ్రి మావైపు తిరిగి, "మీరు పట్నం పోయి కుక్కలకు కట్లు కట్టుకోండి అయ్యగారూ. ఇక్కడ నా బిడ్డ కాలు చూడండి" అన్నాడు. మేము మాటలాడలేదు. బిడ్డకు దెబ్బ తగిలిన తండ్రి కోపము న్యాయమైనది. దానికి వాక్యముతో అడ్డుపడరాదు.

అప్పుడు ఆ యవనస్థుడు లేచాడు. "బాబాయ్, తమ్ముడి కాలు చూసొచ్చా. నాకూ కోపంగానే ఉంది. కానీ ఆ డబ్బా మూత మాత్రం తియ్యొద్దు. అన్నంలో కలిపి ఈదిలో పెడితే అది కుక్క ఒక్కటే తింటదా? కోళ్ళు తింటయ్, మేకలు తింటయ్. పసోడు చెయ్యి పెడితే ఏంది గతి? ఆ మందు ఏం చేస్తదో నాకన్నా తెలిసినోడు ఈ ఊళ్ళో లేడు" అన్నాడు.

చాలసేపు ఎవరూ పలుకలేదు. అతని తండ్రి పాడెను మోసినవారిలో నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. పిల్లవాని తండ్రే చివరకు, "మరి దాన్నేం చేద్దామంటావ్ రా?" అని అడిగాడు.

ఆశ్రయములో నేర్చుకొన్నది అతడు చెప్పాడు. కరిచిన కుక్కను పట్టి పది రోజులు విడిగా కట్టివేసి చూడాలి. పిచ్చి ఉన్నదైతే ఆ లోపలే తెలిసిపోతుంది. పిల్లవాని టీకాలు మాత్రము దానికోసము ఆగరాదు. ఊరిలోని కుక్కలన్నిటికి పిచ్చికుక్క టీకా వేయించాలి, ఆడవాటికి, మగవాటికి పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించాలి. చంపితే ఏమవుతుందని కొందరు అడిగారు. చంపిన చోట తిండి అట్లాగే ఉంటుంది. ఆ తిండికి ప్రక్క ఊరి కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు. మద్రాసు నగరపాలక సంస్థ తరతరాలుగా కుక్కలను చంపి, చివరకు 1996లో ఆపరేషను పద్ధతికి మారింది. ఒక చోట ఉన్న కుక్కలలో నూటికి డెబ్బయింటికి టీకా పడితే ఆ చోట జబ్బు పాకడము ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

మండల పశువైద్యశాల వారితో మాటలాడాము. టీకాల ఖర్చులో కొంత సంఘపు కానుకనుండి, కొంత ఊరి రైతులనుండి వచ్చింది. రెండు ఆదివారములు ఆరాధన ముగిసిన తరువాత బడి ఆవరణలో నలభై ఒక్క కుక్కలకు టీకా వేయించాము. కొన్ని చేతికి చిక్కలేదు. పిల్లవాని తండ్రి తన దొడ్డిలో కాపలా ఉండే కుక్కను తానే పలుపు కట్టి తెచ్చాడు. కరిచిన కుక్క పది రోజులు దాటి బ్రతికే ఉన్నది. అది కొత్తగా ఈనిన తల్లి, బడి గోడ వెనుక దాని పిల్లలున్నాయి. దానిని పిల్లలతో సహా ఆశ్రయమునకు చేర్చాము. పిల్లవాడు నాలుగు మోతాదులూ పూర్తిచేసికొని ఆటలాడుకొంటున్నాడు. వాళ్ళ నాన్నకు కుక్కల మీద ప్రేమ పుట్టిందా అంటే పుట్టలేదు. గేటు దగ్గరకు వస్తే ఇప్పటికీ గద్దిస్తాడు. మేము కాదనము. మా ఊరిలో విషపు అన్నము మాత్రము మళ్ళీ ఎవరూ కలుపలేదు.

ఈ సంగతిపై దేశమంతా వాదములు నడిచాయి. వీధికుక్కల ఆపరేషనులను గూర్చిన నియమములు మొదట 2001లోను, క్రొత్తవి 2023లోను వచ్చాయి. టీకా, ఆపరేషను అయిన కుక్కలను తెచ్చిన చోటనే విడువవలెననీ, పిచ్చి పట్టినవాటిని, క్రూరముగా మీదపడేవాటిని విడువరాదనీ సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషనుల ఆవరణలలో ఉండేవాటిని తొలగించి ఆశ్రయములకు చేర్చమని అదే సంవత్సరము నవంబరు 7న ఆజ్ఞాపించింది. ఆజ్ఞ ఇవ్వడము ఒక్క రోజు పని. చేర్చిన తరువాత ఊడ్చేవారు, వండేవారు, కట్లు కట్టేవారు ఎవరు? ఇటువంటి చోట్లకు చేతులు కావాలి. మన యవనస్థుల కూటములలో చేతులు ఉన్నాయి.

రైతు కుటుంబముల నిమిత్తము కొన్ని మాటలు. కుక్క కరిచినా, గోరు గీరినా, కారము, సున్నము, పసుపు, కాఫీపొడి ఏదీ పూయకండి. పారే నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మములోనికి వేసే టీకా అదే రోజు, తరువాత 3వ, 7వ, 28వ రోజులలో వేస్తారు, ఒక్కటి కూడ మానరాదు. పిచ్చి లక్షణములు కనబడిన తరువాత మందు పనిచేయదు. మందు కొట్టిన చేలో గడ్డి కోసి గొడ్డుకు వేయకండి. ఖాళీ డబ్బాను ఎంత కడిగినా నీళ్ళకు, కుడితికి వాడకండి. మందు డబ్బాలను ఇంటిలో మంచము క్రింద కాదు, దూరముగా తాళము వేసి ఉంచండి. గొడ్డుకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనము ఉన్నది. మీ ఇంటిలో ఎవరైనా బ్రతుకు మీద ఆశ వదలుకొని మాటలాడితే వారిని ఒంటరిగా విడువకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే పగలైనా, రాత్రియైనా తెలుగులో వినేవారున్నారు, డబ్బు తీసికొనరు. మీ కాపరి తలుపు కూడ తట్టండి. అప్పు ఎంతదైనా కూర్చొని మాటలాడుకొనవచ్చును.

వేసవి వస్తున్నది. చెరువులు అడుగంటుతాయి. వాకిటిలో ఒక పాత గాబు పెట్టి రోజూ నీళ్ళు మార్చి పోయండి. నోరు తెరచి అడుగలేని ప్రాణులు దారిన పోతూ త్రాగి పోతాయి. కృతజ్ఞత చెప్పవు, మీ సంఘపు పేరు అడుగవు. అది కూడ పరిచర్యే.

మాతో రాదలచినవారు రెండవ శనివారము తెల్లవారి ఆరు గంటల బస్సుకు సిద్ధముగా ఉండండి. మంచి బట్టలు వద్దు. కాళ్ళకు బూట్లుంటే మంచిది. ఇంటిలో పాత గోనెసంచులు, చిరిగిన దుప్పట్లు ఉంటే ఉతికి తెండి. మొన్నటి వానకు షెడ్లలో నేల ఇంకా ఆరలేదు, పరచడానికి చాలడము లేదు.